మాన్యువల్ పికప్, బరువైన ట్రెయిలర్: లెక్క తేలేది క్లచ్ దగ్గరే

2018 మోడల్ రామ్ హెవీ డ్యూటీ పికప్‌లో 6.7 లీటర్ల కమ్మిన్స్ డీజిల్ ఇంజన్‌కి మూడు టార్క్ (తిప్పే బలం) అంకెలు ఉండేవి. పెద్ద ఐసిన్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తీసుకుంటే సుమారు 1,260 న్యూటన్ మీటర్లు. మామూలు ఆటోమేటిక్‌తో 1,085. ఆరు గేర్ల మాన్యువల్ కావాలంటే 895 దగ్గరే ఆపేసేవారు. ఎక్కువ ఇవ్వడం ఇంజన్‌కి చేతకాక కాదు. వెనకాల ఉన్న క్లచ్, గేర్‌బాక్స్ తట్టుకోలేవని ముందే కళ్లెం వేశారు.

ఇంతకన్నా తేటగా విషయాన్ని బయటపెట్టే బండి ఇంకోటి ఉంది, జీప్ గ్లాడియేటర్. 2020 మోడల్‌గా వచ్చిన ఈ పికప్‌లో 3.6 లీటర్ల పెట్రోల్ ఇంజన్ ఆటోమేటిక్‌కీ మాన్యువల్‌కీ ఒకటే, టార్క్‌లోనూ తేడా లేదు. రూబికాన్ రకంలో వెనక యాక్సిల్ నిష్పత్తి, అంటే టార్క్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందన్న అంకె, కూడా రెంటికీ 4.10. ఫస్ట్ గేరు చూస్తే మాన్యువల్‌దే ఎక్కువ: 5.13. ఆటోమేటిక్‌ది 4.71. కాగితం మీద చూస్తే మాన్యువల్ బండే ఎక్కువ లాగాలి. కంపెనీ ఇచ్చిన పరిమితి మాత్రం ఆటోమేటిక్‌కి 7,000 పౌండ్లు, అంటే 3,175 కిలోలు. మాన్యువల్‌కి 4,500 పౌండ్లు, అంటే 2,040 కిలోలు. మూడో వంతుకు పైగా కోత పడింది.

లాగే శక్తి ఇంజన్‌ది. దాన్ని చక్రాల దగ్గరికి పెంచి పంపేవి గేర్లు. ఈ రెంటిలోనూ మాన్యువల్‌కి లోటు లేదు. లోటంతా బండి నిలబడ్డ చోటు నుంచి కదిలే మొదటి నాలుగైదు సెకన్లలో ఉంది. మాన్యువల్ పికప్ ఎంత లాగగలదని అడగడమంటే, దాని క్లచ్ ఎంత వేడిని మింగగలదని అడగడమే. గేరు ఎప్పుడు మార్చాలి, రివర్స్ ఎలా చెయ్యాలి, కంపెనీ ఎందుకు తక్కువ రాసింది అనే మిగతా ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఇక్కడి నుంచే వస్తుంది.

హాఫ్ క్లచ్‌లో పుట్టే వేడి

అంకెలతో చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. పికప్, ట్రెయిలర్, రెంటిలోని సామాను అన్నీ కలిపి 8 టన్నులు అనుకుందాం. బండి 12 శాతం వాలు మీద ఆగి ఉంది. అంటే వంద మీటర్ల దూరానికి 12 మీటర్ల ఎత్తు. ఆ వాలు బండిని 960 కిలోల బలంతో వెనక్కి లాగుతుంది. టైర్ల నిరోధం ఇంకో 120 కిలోలు. ఫస్ట్ గేరు నిష్పత్తి 5.94, యాక్సిల్‌ది 3.73, చక్రం వ్యాసార్ధం 40 సెంటీమీటర్లు అనుకుంటే, బండి కదలడానికి ఇంజన్ ఇవ్వాల్సింది గేర్లలో పోయే నష్టం కలుపుకుని 210 న్యూటన్ మీటర్లు. 895 ఇవ్వగల ఇంజన్‌కి ఇది నాలుగో వంతు కూడా కాదు. కాబట్టి ఇంజన్‌కి ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది ఇంకో చోట ఉంది. ఇంజన్ 800 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతోంది, చక్రాలు ఆగి ఉన్నాయి. ఈ రెంటినీ కలిపేదాకా క్లచ్ ప్లేటు, ఇంజన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్‌కీ దానికి నొక్కిపెట్టే ప్రెషర్ ప్లేటుకీ మధ్య జారుతూ ఉండాల్సిందే. జారినంతసేపూ ఇంజన్ పంపే శక్తిలో కొంతే చక్రాలకు చేరుతుంది, మిగిలింది వేడి అవుతుంది. పై లెక్కలోని బండిని ఐడిల్ మీదే, యాక్సిలరేటర్ దాదాపు తొక్కకుండా కదిలిస్తే, గంటకు 5 కిలోమీటర్ల వేగం దాటగానే క్లచ్ పూర్తిగా పట్టేస్తుంది. దానికి నాలుగు నుంచి ఐదు సెకన్లు పడుతుంది. ఆలోగా పుట్టే వేడి సుమారు 48 కిలోజౌళ్లు.

అదే బండిని, ఎక్కడ ఆగిపోతుందో అన్న టెన్షన్‌తో, 1,600 ఆర్‌పీఎం దాకా రేజ్ చేసి వదిలారనుకోండి. ఇప్పుడు క్లచ్ పూర్తిగా పట్టాలంటే బండి 11 కిలోమీటర్ల వేగానికి చేరాలి. జారే సమయం రెట్టింపు, జారే వేగం కూడా రెట్టింపు. వేడి నాలుగు రెట్లు: 190 కిలోజౌళ్లు. బరువు పెరగలేదు, వాలు పెరగలేదు. కాలు ఒక్కటే ఎక్కువ పడింది.

ఫస్ట్‌కి బదులు సెకండ్ గేరులో కదిలించినా ఇదే కథ. ఖాళీ బండిని చాలామంది సెకండ్‌లోనే లేపుతారు, ఈ పెద్ద పికప్‌ల ఫస్ట్ గేరు అంత పొట్టిది మరి. లోడు తగిలించాక కూడా ఆ అలవాటు పోకపోతే క్లచ్‌కి మూడు రెట్లకు మించిన వేడి. దీనికి పూర్తిగా ఎదురుగా ఉండేది లో రేంజ్, అంటే అన్ని గేర్లనూ ఇంకా పొట్టిగా చేసే అదనపు గేరు. ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లలో ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు వెనక యాక్సిళ్లకు శక్తి పంచే పెట్టె) లో రేంజ్ నిష్పత్తి తరచుగా 2.7 దరిదాపుల్లో ఉంటుంది. అందులో కదిలిస్తే క్లచ్‌లో పుట్టే వేడి ఏడో వంతుకు పడిపోతుంది. గేరు నిష్పత్తి పెరిగిన కొద్దీ వేడి దాని వర్గంతో తగ్గుతుంది కాబట్టే ఇంత తేడా. బరువైన ట్రెయిలర్ తగిలించిన మాన్యువల్ బండికి ట్రాన్స్‌ఫర్ కేసు లివర్ అడవి దారుల కోసమే పెట్టినది కాదు. క్లచ్‌ని కాపాడే సాధనాల్లో అంతకు మించింది ఆ బండిలో లేదు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ముందు వెనక చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే మధ్య డిఫరెన్షియల్ లేని బండ్లలో ముందు వెనక యాక్సిళ్లు కలిసి బిగుసుకుపోతాయి. పొడి తారు రోడ్డు మీద స్టీరింగ్ తిప్పుతూ అలా నడిపితే షాఫ్టులు మెలితిరిగి బిగుస్తాయి. కంకర మీద, గడ్డి మీద, తడి నేల మీద ఆ బాధ లేదు. ముందు చక్రాలకు చేత్తో తిప్పే హబ్ తాళాలు ఉన్న బండ్లలో ఇంకో వెసులుబాటు ఉంది. హబ్బులు వదిలేసి లివర్‌ని లో రేంజ్‌లో పెడితే వెనక చక్రాలకే లో రేంజ్ అందుతుంది, తారు రోడ్డు మీద కూడా తిరగవచ్చు. అప్పుడు పెరిగిన టార్క్ అంతా వెనక షాఫ్టు, వెనక యాక్సిల్ మీదే పడుతుంది కాబట్టి యాక్సిలరేటర్ మెల్లగా తొక్కాలి.

అన్నిటికన్నా చెడ్డ అలవాటు వాలు మీద బ్రేకు వాడకుండా హాఫ్ క్లచ్‌తో బండిని నిలబెట్టడం. పై లెక్కలోని బండిని అలా ఆపి ఉంచితే క్లచ్‌లో ప్రతి సెకనూ 14 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. గది వెచ్చబెట్టే పెద్ద హీటర్లు ఏడింటిని ఒక ఇనుప డొక్కులో మూసిపెట్టినట్టు. సిగ్నల్ దగ్గర అర నిమిషం అలా ఆడించినవాళ్లు, జాగ్రత్తగా బండి కదిలించే డ్రైవరు ఎనిమిది తొమ్మిది సార్లలో వాడే క్లచ్‌ని ఆ అర నిమిషంలో ఖర్చు పెట్టినట్టే.

ఆటోమేటిక్‌కి ఉన్న వెసులుబాటు

ఆటోమేటిక్‌లో క్లచ్ స్థానంలో ఉండే, నూనెతో పనిచేసే టార్క్ కన్వర్టర్ కూడా జారుతుంది. నిజానికి క్లచ్ కన్నా ఎక్కువే జారుతుంది. తేడా రెండు చోట్ల ఉంది. కన్వర్టర్ జారేటప్పుడు టార్క్‌ని పెంచుతుంది, ఆగి ఉన్నప్పుడు ఇది రెట్టింపు దరిదాపులకు వెళ్తుంది. గ్లాడియేటర్ ఆటోమేటిక్ ఫస్ట్ గేరు 4.71 అన్నది కదిలే క్షణంలో తొమ్మిదితో సమానంగా పనిచేస్తుంది. మాన్యువల్ 5.13 మాత్రం 5.13 గానే ఉంటుంది. రెండోది, కన్వర్టర్‌లో పుట్టిన వేడి నూనెలోకి పోతుంది, పంపు ఆ నూనెను కూలర్‌కి తోస్తుంది, ముందు నుంచి వచ్చే గాలి దాన్ని చల్లారుస్తుంది. క్లచ్ వేడికి అలాంటి దారి లేదు. అది ఫ్లైవీల్ ఇనుములో, ప్రెషర్ ప్లేటు ఇనుములో కూర్చుంటుంది. మూసి ఉన్న డొక్కులో మెల్లగా చల్లారాలి.

ట్రెయిలర్ పరిమితులు తేల్చడానికి అమెరికాలో కంపెనీలు వాడే ఎస్ఏఈ జే2807 ప్రమాణంలో ఒక పరీక్ష ఈ బలహీనత మీదే పడుతుంది. 12 శాతం వాలు మీద, పరిమితి అంత బరువు తగిలించి, నిలబడ్డ బండిని 5 మీటర్లు ముందుకు ఎక్కించాలి. ఐదు నిమిషాల్లో ఐదుసార్లు. తర్వాత అదే వాలు మీద ట్రెయిలర్‌ని వెనక్కి తోస్తూ రివర్స్‌లో ఇంకో ఐదుసార్లు. ముందు వేసుకున్న లెక్క ప్రకారం ఒడుపుగా చేస్తే ఐదు ప్రయత్నాలకు 240 కిలోజౌళ్లు, మోటుగా చేస్తే 950 దాకా. ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేటు కలిపి 20 కిలోల ఇనుము అనుకుంటే, మోటు పద్ధతిలో ఆ ఇనుమంతా సగటున 95 డిగ్రీలు వేడెక్కుతుంది. రాపిడి తగిలే పైపొర దానికి ఎన్నో రెట్లు వేడెక్కుతుంది. మధ్యలో చల్లారే తీరిక లేదు.

ఈ ప్రమాణంలోనే ఆరిజోనాలోని డేవిస్ డ్యామ్ దగ్గర మొదలయ్యే మిట్ట పరీక్ష కూడా ఉంది. 18 కిలోమీటర్లకు పైగా సాగే ఆ ఎక్కుడుని ఏసీ పూర్తిగా వేసి, మండుటెండలో, వేగం ఒక హద్దు కన్నా పడిపోకుండా ఎక్కాలి. పేరు దీనికే ఎక్కువ. మాన్యువల్‌కి ఇది మరీ కష్టం కాదు. క్లచ్ ఒకసారి పట్టాక వేడి పుట్టదు కదా. పడగొట్టేది ఆ 5 మీటర్ల పరీక్షే.

వేడి పోయే దారి ముందు నుంచీ ఆటోమేటిక్‌కి ఇంత సుళువుగా లేదు. 2015లో ఆస్ట్రేలియాలో విడుదలైన టొయోటా హైలక్స్ 4x4 డీజిల్ సంగతి చూడండి. మాన్యువల్‌కి 3,500 కిలోల ట్రెయిలర్ అనుమతి, ఆటోమేటిక్‌కి 3,200 మాత్రమే. 2020 మార్పులతో రెండూ 3,500కి చేరాయి. అదే సమయంలో 2.8 లీటర్ల ఇంజన్ టార్క్ ఆటోమేటిక్‌లో 450 నుంచి 500 న్యూటన్ మీటర్లకు పెరిగింది, మాన్యువల్‌లో 420 దగ్గరే ఉండిపోయింది. బరువు లాగడానికి మాన్యువల్లే గట్టిదన్న నమ్మకం ఒకప్పటి ఆటోమేటిక్‌లను చూసి పుట్టింది, అప్పట్లో అది నిజం కూడా. ఇప్పుడు ఆ మాట అంటున్నవాళ్లు పాతకాలపు గేర్‌బాక్సుల గురించి మాట్లాడుతున్నారు.

పడవల ర్యాంపు మీద

క్లచ్‌లు ఎక్కువగా చచ్చేది హైవే మీద కాదు. నీళ్లలోంచి పడవని పైకి లాగే ర్యాంపుల మీద, ఇళ్ల ముందు వాలుగా ఉండే దారుల్లో, ట్రెయిలర్‌ని సందులోకి వెనక్కి దూర్చే చోట్ల.

ర్యాంపు వాలు సాధారణంగా 12 నుంచి 15 శాతం ఉంటుంది. వెనక చక్రాల కింద నాచు, తడి. ట్రెయిలర్ నీళ్లలో ఉన్నంతసేపూ పడవ తేలుతుంది కాబట్టి మొదట తేలిగ్గానే కదులుతుంది, నీళ్లు దాటుతుంటే బరువు మీద పడుతుంది. సరిగ్గా అప్పుడే కంగారు పడ్డ డ్రైవరు మళ్లీ క్లచ్ సగం తొక్కి యాక్సిలరేటర్ పెంచుతాడు. చెయ్యాల్సింది దీనికి తిరగేసింది. హ్యాండ్‌బ్రేకు వేసి, లో రేంజ్, ఫస్ట్ గేరు. క్లచ్ కొద్దికొద్దిగా వదులుతుంటే ఒక చోట ఇంజన్ శబ్దం లోతుగా మారుతుంది, బండి ముందు భాగం కాస్త కదులుతుంది. అప్పుడు హ్యాండ్‌బ్రేకు దించి, పెడల్ మొత్తం వదిలేసి, కాలు పక్కకి తీసి పెట్టాలి. లో రేంజ్ ఫస్ట్‌లో డీజిల్ బండి ఐడిల్ మీద నడక కన్నా నెమ్మదిగా, ఎవరూ ఏమీ తొక్కకుండానే పైకి పాకుతుంది. నీళ్లు దాటాక బరువు పెరిగినా అలాగే పాకుతుంది. క్లచ్ అప్పటికే పట్టేసింది, జారడానికి ఏమీ మిగల్లేదు.

వాసన వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైందని అర్థం. అది క్లచ్ ప్లేటు మీది రాపిడి పొరని, అంటే లైనింగ్‌ని, కలిపి ఉంచే రెసిన్ కాలుతున్న వాసన. ఒక్కసారి వస్తే కొంపలేమీ మునగవు. బండి ఆపి, పెడల్ వదిలేసి, న్యూట్రల్‌లో ఇంజన్ నడుస్తూ పావుగంట ఉంచితే చల్లారుతుంది. అలా వదిలెయ్యకుండా వెంటనే మళ్లీ ప్రయత్నిస్తే లైనింగ్ పైన గాజులాంటి పొర కడుతుంది, పట్టు తగ్గుతుంది, పట్టు తగ్గితే ఇంకా జారుతుంది, జారితే ఇంకా వేడి. ఇలాంటి క్లచ్ విప్పితే ఫ్లైవీల్ మీద నీలం రంగు మచ్చలు, వాటి చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తాయి. ఆ ఫ్లైవీల్‌ని మార్చకుండా ప్లేటు ఒక్కటే కొత్తది వేస్తే పెట్టిన డబ్బు మళ్లీ వచ్చే సీజన్‌కి పెట్టాల్సి వస్తుంది.

రివర్స్‌లో ట్రెయిలర్ తిప్పడం ఎవరికైనా కష్టమే, మాన్యువల్‌కి ఇంకాస్త ఎక్కువ. ఆటోమేటిక్‌లో బ్రేకు మీద కాలితో పాకించవచ్చు. మాన్యువల్‌లో రివర్స్ గేరు అడుగులు వేసే వేగం కన్నా ఎక్కువ పరిగెత్తుతుంది కాబట్టి చెయ్యి క్లచ్ మీదికే పోతుంది... కాదు, కాలు. ఇక్కడా లో రేంజే మందు. అది లేని టూ వీల్ డ్రైవ్ బండితో బరువైన ట్రెయిలర్‌ని మిట్ట మీదికి రివర్స్‌లో తొయ్యడం తప్పనిసరి అయితే, చోటు ముందే చూసుకుని ఒకేసారి తోసెయ్యాలి. పది ముక్కలుగా చెయ్యకూడదు.

రోడ్డెక్కాక

క్లచ్ పట్టాక మాన్యువల్ గేర్‌బాక్స్ సమర్థమైన యంత్రం. ఇంజన్‌కీ చక్రానికీ మధ్య పళ్లు పళ్లు కలిసి ఉంటాయి, నష్టం తక్కువ. ఇక్కడ పాడయ్యేవి తప్పు గేరు వల్ల పాడవుతాయి.

పై లెక్కలోని బండి 60 కిలోమీటర్ల వేగంతో ఆరో గేరు, అంటే 0.74లో పోతుంటే ఇంజన్ 1,100 ఆర్‌పీఎం దగ్గర ఉంటుంది. 6 శాతం మిట్ట వచ్చింది. ఆ ఎక్కుడికి 110 కిలోవాట్లు కావాలి. 1,100 దగ్గర అంత ఇవ్వాలంటే దాదాపు 950 న్యూటన్ మీటర్లు కావాలి, అది ఆ ఇంజన్ పూర్తి టార్క్ కన్నా ఎక్కువ. బండి గింజుకుంటుంది, వేగం పడుతుంది. నాలుగో గేరులో అయితే ఇంజన్ 1,950 దగ్గర ఉంటుంది, 540 సరిపోతుంది, ఊపిరి పీల్చుకుంటూ ఎక్కుతుంది. తక్కువ ఆర్‌పీఎంలో పెడల్ నేలకి తొక్కడం వల్ల ఆదా అయ్యేది ఏమీ లేదు. ఎగ్జాస్ట్ వేడెక్కుతుంది, సిలిండర్లలో ఒత్తిడి పెరుగుతుంది, వెనకాల ఉన్నవాటికి దెబ్బలు తగులుతాయి.

ఆ దెబ్బలంటే ఏమిటో డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌లో తెలుస్తుంది. ఆరు సిలిండర్ల ఇంజన్ 1,000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 50 సార్లు పేలుతుంది. ప్రతి పేలుడూ ఒక కుదుపు. రెండు ముక్కలుగా ఉండే ఈ ఫ్లైవీల్ మధ్య స్ప్రింగులు ఆ కుదుపుల్ని మింగుతాయి. తక్కువ వేగంలో ఎక్కువ టార్క్ అడిగితే స్ప్రింగులు పూర్తిగా నొక్కుకుపోయి చివర్లకు కొట్టుకుంటాయి. కొన్నాళ్లకు ఐడిల్‌లో గలగల మొదలవుతుంది. చాలామంది దాన్ని పీకేసి ఒకే ముక్కగా ఉండే ఫ్లైవీల్ వేయిస్తారు. అది ఎక్కువ బరువు మోస్తుంది నిజమే గానీ, అప్పటిదాకా స్ప్రింగులు మింగిన కుదుపులు ఇక గేర్‌బాక్స్‌కి వెళ్తాయి. న్యూట్రల్‌లో గేర్ల గలగల అందుకే.

ఈ కుదుపులు ఏం చెయ్యగలవో 1990లలోని డాడ్జ్ పికప్‌లు (రామ్‌లు అప్పట్లో ఆ పేరుతోనే వచ్చేవి) చూపించాయి. కమ్మిన్స్ ఇంజన్ వెనక 1994 నుంచి వచ్చిన ఎన్‌వీ4500 ఐదు గేర్ల పెట్టె గట్టిది, ఇనుప డొక్కు. కానీ ఐదో గేరుని మెయిన్ షాఫ్టు మీద బిగించే నట్టు డీజిల్ కుదుపులకు మెల్లగా వదులై వెనక్కి వచ్చేసేది. ఐదో గేరు పోయేది, మిగతా నాలుగూ బాగానే పనిచేసేవి. నట్టు బిగింపుకి రకరకాల విరుగుళ్లు వచ్చాయి. డ్రైవరు చేతిలో ఉన్న విరుగుడు మాత్రం ఒకటే, బరువు లాగేటప్పుడు ఐదో గేరులో ఇంజన్‌ని ఈడ్పించకపోవడం.

డైరెక్ట్ గేరు, అంటే నిష్పత్తి సరిగ్గా 1.00 ఉండే గేరు, ఇంకో కారణంగా కూడా మేలు. అందులో శక్తి పళ్ల మీదుగా పక్క షాఫ్టుకి పోయి తిరిగి రాదు, షాఫ్టు నుంచి షాఫ్టుకి నేరుగా వెళ్తుంది. ఓవర్‌డ్రైవ్‌లో, అంటే నిష్పత్తి 1 కన్నా తక్కువ ఉండే పై గేరులో, పూర్తి బరువు లాగితే ఆ శక్తంతా రెండు జతల పళ్ల మీదుగా పోవాలి, నూనె వేడెక్కుతుంది. ఎన్‌వీ4500లో డైరెక్ట్ అంటే నాలుగోది, రామ్‌లో తర్వాత వచ్చిన జీ56లో ఐదోది. చదునైన దారిలో ఓవర్‌డ్రైవ్ సరే. ఎదురుగాలి, చిన్న మిట్ట ఏది వచ్చినా దిగిపోవడం మంచిది.

మిట్టలో గేరు మార్చడం ఇంకో చిక్కు. ఆటోమేటిక్ గేరు మార్చేటప్పుడు లాగడం ఆపదు. మాన్యువల్‌లో క్లచ్ తొక్కినంతసేపూ బండి ఒంటరిది. 6 శాతం మిట్టలో, 60 వేగంలో, సెకనున్నర పట్టినా 4 కిలోమీటర్ల వేగం పోతుంది, టర్బోలో ఒత్తిడి కూడా దిగిపోతుంది. పైగా మూడుకీ నాలుగుకీ మధ్య పెద్ద ఖాళీ ఉంది, 1.98 నుంచి 1.31కి. మూడులో 2,600 దాకా లాగి నాలుగు వేస్తే ఇంజన్ 1,600 దగ్గర తేలుతుంది. మిట్ట మధ్యలో పై గేరుకి ఆశపడి మళ్లీ కిందికి రావడం కన్నా, కాస్త చప్పుడైనా మూడులోనే పైదాకా పోవడం మేలు.

దిగేటప్పుడు

ఎక్కలేని బండి ఆగిపోతుంది, అంతే. దిగలేని బండి సంగతి వేరు. 8 టన్నులు 60 వేగంతో 6 శాతం పల్లంలో దిగుతుంటే, గాలి, టైర్ల నిరోధం పోగా ఇంకా 48 కిలోవాట్లను ఏదో ఒకటి నిరంతరం పట్టి ఆపాలి. బ్రేకులతోనే ఆపితే కొన్ని కిలోమీటర్లలో అవి కాలిపోతాయి.

పెట్రోల్ ఇంజన్‌లో యాక్సిలరేటర్ వదిలితే థ్రాటిల్ మూసుకుని ఇంజనే బండిని పట్టుకుంటుంది. డీజిల్‌లో ఆ పట్టు బాగా తక్కువ. ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ దారిని దాదాపు మూసి ఇంజన్ చేతే బండిని పట్టించేది) ఉన్న డీజిల్‌కి, లేని డీజిల్‌కి మధ్య తేడా లోడుతో దిగేవాళ్లకు మొదటి మలుపులోనే తెలుస్తుంది. ఎగ్జాస్ట్ బ్రేకు ఇంజన్ వేగంగా తిరిగితేనే గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి కింది గేరులోనే ఉండాలి. ఇక్కడ మాన్యువల్‌కి ఒకప్పుడు పెద్ద ఆధిక్యత ఉండేది. పాత ఆటోమేటిక్‌లలో కన్వర్టర్ తాళం వదిలేసి ఇంజన్ పట్టు జారిపోయేది. ట్రెయిలర్ లాగేటప్పుడు వేసుకునే టో హాల్ మోడ్ వచ్చాక, కన్వర్టర్‌ని తాళం వేసి ఉంచి గేర్లు తనే దించుకోవడం మొదలయ్యాక ఆ ఆధిక్యత మాయమైంది.

మిగిలింది ఒక ప్రమాదం. పల్లంలో వేగం పెరిగాక కింది గేరు వెయ్యబోయి, అది పడకపోతే, బండి న్యూట్రల్‌లో ఉన్నట్టే. పై గేరు కూడా మళ్లీ పట్టకపోవచ్చు. క్షణక్షణానికీ వేగం పెరుగుతుంది, గేర్ల వేగాలను కలిపే రింగులు, అంటే సింక్రోలు, అంత తేడాని కలపలేవు. బలవంతంగా తోసి క్లచ్ వదిలితే ఇంజన్ దాని హద్దు దాటి తిరుగుతుంది. రెవ్ లిమిటర్ ఇంధనాన్ని ఆపగలదు గానీ చక్రాలు తిప్పుతున్న ఇంజన్‌ని ఆపలేదు. అందుకే దిగే గేరు మిట్ట పైనే, పల్లం మొదలవకముందే పడాలి. ఆ తర్వాత ఇక గేరు లివర్ జోలికి పోకూడదు. వేగం పెరిగితే బ్రేకు ఒకసారి గట్టిగా వేసి, వేగం బాగా తగ్గించి, వదిలెయ్యాలి.

ట్రెయిలర్‌కి సొంత బ్రేకులు ఎలాంటివన్నది కూడా మాన్యువల్ డ్రైవరుకి తేడా తెస్తుంది. ఉత్తర అమెరికాలో బరువైన ట్రెయిలర్లకు ఎక్కువగా ఎలక్ట్రిక్ బ్రేకులు, క్యాబిన్‌లో కంట్రోలర్. యూరప్‌లో 3,500 కిలోల దాకా ఓవర్‌రన్ బ్రేకులు మామూలు: ట్రెయిలర్ ముందుకు తోసినప్పుడు కొక్కెం దగ్గరి కడ్డీ లోపలికి నొక్కుకుని బ్రేకు పడుతుంది. గేరు మార్చే ఖాళీలో పికప్ కాస్త నెమ్మదిస్తే ట్రెయిలర్ వచ్చి తోస్తుంది, బ్రేకు అంటుకుంటుంది, క్లచ్ వదలగానే మళ్లీ లాగుతుంది. ప్రతి గేరుకీ ఒక కుదుపు. క్లచ్‌ని దడేలున వదలకుండా ఇంజన్ వేగం కలిపి వదిలితే ఈ కుదుపు పోతుంది.

పెద్ద లారీలు ఎలా లాగుతున్నాయి?

ఇదంతా చదివాక ఒక ప్రశ్న రావాలి. 36 టన్నుల లారీలు దశాబ్దాల పాటు మాన్యువల్ గేర్లతోనే నడిచాయి కదా? నడిచాయి. ఈటన్ ఫుల్లర్ 18 గేర్ల పెట్టెలో అన్నిటికన్నా కింది గేరు నిష్పత్తి 14.40. ఇంజన్ ఐడిల్‌లో ఉండగానే, యాక్సిలరేటర్ ముట్టకుండా క్లచ్ వదలమని ఆ డ్రైవర్లకు నేర్పుతారు. క్లచ్ రెండు ప్లేట్లది, పదిహేనున్నర అంగుళాలది, సిరామిక్ బిళ్లలది. గేర్లకు సింక్రోలు ఉండవు.

పికప్ కంపెనీకి ఆ దారి మూసుకుపోయింది. అదే బండిని వారమంతా ట్రెయిలర్ లేకుండా ఆఫీసుకీ, పిల్లల బడికీ తోలేవాళ్లుంటారు. వాళ్లకు పెడల్ మెత్తగా ఉండాలి, క్లచ్ కుదుపు లేకుండా పట్టాలి, గేర్లు కారులా పడాలి. ఈ సుఖాలన్నీ సిరామిక్ కాకుండా మెత్తగా పట్టే ఆర్గానిక్ లైనింగ్ ఉన్న ఒకే ప్లేటు వైపే నెడతాయి. బయట దొరికే రెండు ప్లేట్ల క్లచ్ వేయిస్తే బరువు మొయ్యడం మెరుగవుతుంది, ట్రాఫిక్‌లో నడపడం నరకం అవుతుంది, కంపెనీ రాసిచ్చిన పరిమితి మాత్రం ఒక్క కిలో పెరగదు.

ఇలాంటి పరిస్థితిలో కంపెనీలు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. జనరల్ మోటార్స్ పెద్ద పికప్‌లు 2006 మోడళ్లతో, ఫోర్డ్ సూపర్ డ్యూటీ 2010తో, రామ్ 2018తో. ఆ మరుసటి ఏడాదే రామ్ డీజిల్ టార్క్ 1,000 పౌండ్-అడుగులకు, అంటే 1,355 న్యూటన్ మీటర్లకు చేరింది, ఆటోమేటిక్‌తో మాత్రమే. అమెరికాలో ఇప్పుడు భారీ ట్రెయిలర్ లాగే మాన్యువల్ పికప్ కావాలంటే పాత బండి వెతుక్కోవాల్సిందే.

వెతుక్కునేవాళ్లు ముందుగా చూడాల్సింది ఇంజన్ కాదు. బండి వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద, టాప్ గేరులో 1,400 ఆర్‌పీఎం దగ్గర పెడల్ పూర్తిగా తొక్కాలి. ఆర్‌పీఎం, వేగం రెండూ కలిసి మెల్లగా పెరిగితే క్లచ్ బాగుంది. ఆర్‌పీఎం సూది ఒక్కసారి పైకి లేచి, వేగం వెనకబడితే జారుతోంది. పెడల్ బాగా పైకి వచ్చాక గానీ క్లచ్ పట్టకపోతే ప్లేటు అరిగింది, అయితే హైడ్రాలిక్ క్లచ్‌లు కొన్ని అరుగుదలను తమంతట తామే సర్దుకుంటాయి కాబట్టి పెడల్ ఎత్తుని ఒక్కదాన్నే నమ్మకూడదు. న్యూట్రల్‌లో పెడల్ వదిలినప్పుడు ఒక చప్పుడు, తొక్కినప్పుడు వేరే చప్పుడు వస్తే ఫ్లైవీల్, రిలీజ్ బేరింగ్ రెండూ అనుమానించాలి. ఇంజన్‌కి ట్యూనింగ్ చేయించిన బండి అయితే, అమ్మేవాడు ఎంత గొప్పగా చెప్పినా, క్లచ్ మార్చే ఖర్చు ధరలోంచి తీసేసి బేరం మొదలుపెట్టాలి.